ఫార్మాట్ కొట్టమన్న సారు

పోయిన సోమవారం మా కోర్టులో వకీళ్ల హాలు పక్కనున్న చిన్న గదికి మా సీనియర్ సారు పేరు పెట్టారు. ఆరు కంప్యూటర్లు, ఒక స్కానర్, ఒక ఏసీ, గోడ మీద నవ్వుతున్న ఆయన ఫోటో. కొత్తగా నల్లకోటు వేసిన పిల్లలకి కేసులు ఆన్‌లైన్లో దాఖలు చెయ్యడం నేర్పడానికి ఆ గది. మొదటి క్లాసు నన్ను చెప్పమన్నారు. "ఆయన శిష్యురాలివి నువ్వే కదమ్మా, నువ్వు చెప్తేనే బాగుంటది" అన్నారు పెద్దలు. నేను ఒప్పుకోలేదు. గొంతు బాగాలేదన్నాను. గొంతు బాగానే ఉంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. పోయి ఏడాది కాలేదు, ఆయన భార్యాబిడ్డలు ఈ ఊళ్ళోనే ఉన్నారు, వాళ్ళు నాకు ఏ అన్యాయమూ చెయ్యలేదు. 'వాడు' అని రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టాను. చెయ్యి రాలేదు. ఐదేళ్ళు సార్ అని పిలిచిన అలవాటు. ఆ అలవాటు మీద కూడా నాకు రోతగానే ఉంది.

ఆయన్ని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది కుడిచేతి చూపుడు వేలు. దాన్ని నాలుకకి తాకించి కాగితాలు తిప్పేవారు. అది చాలామంది పెద్ద వకీళ్ళు చేసేదే. ఈయన అదే వేలితో కీబోర్డు కొట్టేవారు, అదే వేలితో క్లయింటు ఫోను అద్దం తుడిచేవారు. జేబులో ఎప్పుడూ వక్కపొడి పొట్లం. మాట్లాడుతుంటే పలుకులు కీబోర్డు సందుల్లోకి రాలేవి. మా ఆఫీసులో ఏ మీట మీద వేలు పెట్టినా అంటుకునేది. పొద్దున్నే కీబోర్డు తలకిందులు చేసి తట్టి, స్పిరిట్ గుడ్డతో తుడవడం నా పని. అందులోంచి వక్కపొడీ, వెంట్రుకలూ, గోళ్ళ ముక్కలూ పడేవి. గోళ్ళు పళ్ళతో కొరికే అలవాటు కూడా ఉండేది ఆయనకి.

అయినా ఆయన దగ్గరే ఉన్నాను. ఎందుకంటే నేర్పేవారు.

మా నాన్న బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి రైతు. మా ఇంట్లో కోర్టు మెట్లెక్కింది నేనే మొదలు. ఈ సారుకి ముందు ఇద్దరు సీనియర్ల దగ్గర చేశాను. కట్టలు మోయడం, వాయిదాలు రాసుకోవడం, సారుకి కాఫీ చెప్పడం తప్ప ఒక్క ముక్క నేర్పలేదు వాళ్ళు. ఈయన మొదటిరోజే స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి, చెడిపోయిన పాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

"విప్పమ్మే."

"విరిగితే, సార్?"

"విరిగితే విరిగింది. ఇప్పుడు మాత్రం పని చేస్తా ఉండాదా ఏంది?"

లోపలున్న మెమరీ కడ్డీని తీయించి, దాని పసుపు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్దించారు. తర్వాత ఆ గాడిలో ఉఫ్ అని గట్టిగా ఊదారు. తుంపరలు నా చేతి మీద పడ్డాయి. కడ్డీ తిరిగి పెట్టి మీట నొక్కితే చచ్చిందనుకున్న మిషన్ లేచింది. నేను చెయ్యి తుడుచుకోవడం మర్చిపోయి చప్పట్లు కొట్టాను.

కరోనా తర్వాత కేసులన్నీ ఆన్‌లైన్లో దాఖలు చెయ్యాలనేసరికి మా వకీళ్ళు బెంబేలెత్తిపోయారు. ఆయన శనివారం మధ్యాహ్నాలు హాల్లో క్లాసులు పెట్టారు. నలభై ఏళ్ళ ప్రాక్టీసున్న పెద్దలు బల్లల మీద బడిపిల్లల్లాగా కూర్చునేవారు. కంప్యూటర్ మూత తీసి బల్ల మీద పెట్టి మొదలుపెట్టేవారు ఆయన.

"ఇదిగో, ఈ పెద్ద అట్ట కోర్టు హాలు అనుకోండి. ఈ చిన్న బిళ్ళ జడ్జి. ఈ కడ్డీ జడ్జి ముందరుండే బల్ల. ఆయన కూర్చున్నంతసేపే బల్ల మీద కాగితాలు ఉంటాయి. కరెంటు పోయిందంటే జడ్జి లేచిపోయినట్టే, బల్ల ఖాళీ. ఈ డబ్బా రికార్డు రూము. దీంట్లో పెట్టింది కరెంటు పోయినా ఉంటది. అర్థమైందా, లేకపోతే అర్థమైనట్టు తలకాయలు ఊపినారా?"

ఆ ఆఖరి ప్రశ్న ప్రతి ఐదు నిమిషాలకీ వచ్చేది. ఎవరో ఒక పెద్దాయన "ఊపినామబ్బా" అని ఒప్పుకునేవారు. ఆయన విసుక్కోకుండా మళ్ళీ మొదటినుంచి చెప్పేవారు.

ఇంటర్నెట్ అసలు ఎక్కడుందని ఒకాయన అడిగాడు. "మైపాడు పోయి ఇసకలో నిలబడి చూస్తే కనపడతది కదా సముద్రం, దాని అడుగున తీగలు పరిచి ఉండారు. ఆ తీగ ఆ చివర ఎవురిదో కంప్యూటర్. దాంట్లో ఉండే కాగితం మీరిక్కడ కూర్చోని చదవతా ఉండారు. అంతే. మీ కాగితం కూడా ఇంకెవురో చదవతా ఉండొచ్చు, అది మర్చిపోబాకండి" అన్నారు.

డిలీట్ గురించి చెప్పింది నాకు మాట మాట గుర్తుంది. "డిలీట్ కొడితే కట్ట కాలిపోయినట్టు కాదు. రిజిస్టరులో దాని నంబరు కొట్టేస్తారు, అంతే. కట్ట రికార్డు రూములో అట్టనే ఉంటది. ఆ ఖానాలో ఇంకో కట్ట వచ్చి కూర్చునేదాకా పాతది యాడికీ పోదు." ఇంకోమాట ప్రతి క్లాసులోనూ చెప్పేవారు. సాక్ష్యం దేంట్లో ఉన్నా సరే, ఫోను కానీ కార్డు కానీ, ముందు కాపీ తియ్యాల, ఆ తర్వాతే దాన్ని ముట్టుకోవాల.

పాస్‌వర్డు గురించి కూడా గట్టిగా చెప్పేవారు. ఖాళీ వకాలత్ మీద సంతకం పెట్టి ఎవురికన్నా ఇస్తారా, పాస్‌వర్డు కూడా అంతే అనేవారు. క్లాసు అయిపోయాక అదే పెద్దలు వరసగా వచ్చి, "నాకు గుర్తుండి చావదు, నువ్వే పెట్టుకోబ్బా" అని చీటీల మీద రాసి ఆయన చేతిలో పెట్టిపోయేవారు. ఆయన నవ్వుతూ వాటిని ఎర్ర అట్ట నోటుబుక్కులోకి ఎక్కించుకునేవారు. సగం బార్ తాళాలు ఆ పుస్తకంలో ఉండేవి. ఎవరు ఏ కేసు ఎప్పుడు వేస్తున్నారో ఆయనకి ముందే తెలిసేది. నేను చూసేదాన్ని. పెద్దవాళ్ళ వ్యవహారం అనుకుని ఊరుకునేదాన్ని.

ఇక పెంచలమ్మ సంగతి.

ఆమెది తోటపల్లి గూడూరు మండలంలో ఒక పల్లె. ఎకరన్నర వరి కయ్య. పక్కనే రొయ్యల గుంటలు. గుంటల ఆసామి ఉప్పునీళ్ళు మోటారు పెట్టి పంట కాలవలోకి వదులుతున్నాడు. ఆ నీళ్ళే పెంచలమ్మ కయ్యలోకి వస్తాయి. నాటిన వరి మూడు వారాలకే ఎర్రబారి, పీకితే కుళ్ళిన వేళ్ళతో ఊడొచ్చింది. ఆరిన చోటల్లా తెల్లగా ఉప్పు పేరింది. అడగబోతే, మేం వదల్లేదు, సముద్రం పోటు నీళ్ళేమో అన్నాడట ఆసామి. పెంచలమ్మ ఊరుకోలేదు. గట్టు మీద నిలబడి ఫోనుతో నాలుగు వీడియోలు తీసింది. నీలం పైపు, దాంట్లోంచి కాలవలోకి దూకుతున్న నీళ్ళు, మోటారు పక్కన ఆసామి మనిషి, వెనకనుంచి ఆమె తిట్లు, అన్నీ ఉన్నాయి.

మా సారు ఆ వీడియోలు మూడుసార్లు చూశారు. వేలు తడిచేసి అద్దం తుడిచి మళ్ళీ చూశారు. "బంగారమమ్మే ఇది. ఇంకేం కావాల. దీంట్లో ఏదీ మార్చలేదని కోర్టుకి సర్టిఫికెట్ రాయాల. ఫోను వారం ఇక్కడే ఉండాల" అన్నారు.

"ఇంట్లో ఉండేది ఇదొకటే సారూ. నా మనవరాలు దీంట్లోనే పాఠాలు చూసుకుంటది" అంది ఆమె.

"వారమే కదా. కేసు గెలవబళ్ళా?"

ఇచ్చేసి వెళ్ళింది.

రెండ్రోజుల తర్వాత నేను ఆఫీసుకి వెళ్ళేసరికి బల్ల మీద పెద్ద థర్మోకోల్ పెట్టె. మూత సందులోంచి ఐసు నీళ్ళు కారి కింది కట్టలు తడుస్తున్నాయి. రొయ్యలు. అరచెయ్యంత పొడుగున్నాయి. మా సారుకి గుంటల ఆసాములు క్లయింట్లుగా చాలామంది ఉన్నారు, అట్లాంటి పెట్టెలు అప్పుడప్పుడూ వచ్చేవే. ఆయన ఒక కవర్లో నాక్కూడా పోసిచ్చారు. ఇంటికి తీసుకెళ్ళి ఒలిచి, వేపుడు చేసి తిన్నాను. చాలా రుచిగా ఉన్నాయి. ఆ మాట దాచను.

మర్నాడు సాయంత్రం ఆయన ఒక మెమరీ కార్డు నా కంప్యూటర్‌కి పెట్టారు. "వైరస్ ఉండాదమ్మే దీంట్లో. ఫార్మాట్ కొట్టు."

అది పెంచలమ్మ ఫోన్లోదని నాకు తెలుసు. "కాపీ తీశారా సార్?"

"తీసినాలే. నొక్కు."

ఆయన నా కుర్చీ వెనక నిలబడి ఉన్నారు. వక్కపొడి నమిలే చప్పుడు నా చెవి పక్కనే వినిపిస్తోంది. ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది కంప్యూటర్. కాపీ తీసేటప్పుడు ఆయన ఎప్పుడూ నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు, చూసి నేర్చుకోమని. ఈసారి ఎందుకు పిలవలేదా అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించాకే నొక్కాను.

వారం అయ్యాక పెంచలమ్మ వచ్చింది. ఆయన ఫోను ఆమె ముందు పెట్టి పెద్దగా నిట్టూర్చారు. "ఏమీ లేదు తల్లీ దీంట్లో. వీడియోలన్నీ పోయినాయి. వైరస్. ఫోన్లో ఏవేవో నొక్కతా ఉంటారు మీరు. చెప్తే వినరు."

ఆమె ఫోను చేతిలోకి తీసుకుని వెతికింది. "మా పిల్లే ఏదో నొక్కి ఉంటది సారూ. ఇచ్చే ముందు రోజు దాని చేతిలోనే ఉన్నింది. తప్పైపోయింది సారూ. మీరింత కష్టపడినారు" అని రెండు చేతులూ జోడించింది.

ఆయన ఆ దణ్ణం తీసుకున్నారు. "పోనీలే. చూద్దాం" అన్నారు, క్షమించేసినవాడి గొంతుతో. నేను ఆ గదిలోనే ఉన్నాను. ఫార్మాట్ మాట ఎత్తుతారని చూశాను. ఎత్తలేదు. నేనూ నోరు తెరవలేదు.

ఆమె వెళ్ళాక ఆఫీసు కంప్యూటర్లన్నీ వెతికాను. కాపీ ఎక్కడా లేదు. ఆయన దగ్గరికి వెళ్ళి, "పెంచలమ్మ కాపీ ఏ ఫోల్డర్లో ఉంది సార్?" అని అడిగాను.

"ఏ కాపీ?"

"ఫార్మాట్‌కి ముందు తీశానన్నారు కదా."

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, క్లాసులో తప్పు చెప్పిన పెద్దాయన్ని చూసినట్టు ఓపిగ్గా నన్ను చూశారు. "కొట్టింది నువ్వు కదమ్మే. కాపీ ఉండాదో లేదో చూసుకోకుండా ఎట్ట కొట్టినావు? నేను నేర్పింది ఇదేనా?" అని, కాగితం తిప్పి, "అవునూ, ఆ రొయ్యలు ఎట్ట ఉన్నాయో చెప్పనేలేదే" అన్నారు.

బయటికి వచ్చి కోర్టు వెనక కుళాయి దగ్గర వాంతి చేసుకున్నాను. తిన్నవి ఎప్పుడో అరిగిపోయాయి. వట్టి చేదు నీళ్ళు.

ఆ ఆదివారం బస్సెక్కి పెంచలమ్మ పల్లెకి వెళ్ళాను. ఆమె వాకిట్లో చేట పట్టుకుని కూర్చుని ఉంది. మనవరాలు, ఎనిమిదేళ్ళ పిల్ల, నన్ను చూసి తలుపు వెనక్కి పోయింది. అక్కడినుంచే, "నేను నొక్కలేదక్కా" అంది. నేనింకా ఏమీ అడగనేలేదు. చెంప మీద దెబ్బ మచ్చ కనిపించింది.

"వీపు పగలగొట్టినా దానికి" అంది పెంచలమ్మ. "ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూసినా. ఇంక ముట్టుకోనియ్యను."

"పాప కాదు పెంచలమ్మా. నేను నొక్కాను. మా సారు నొక్కమంటే నేనే నొక్కాను. కార్డు తుడిచేసింది నేను."

ఆమె చేట కింద పెట్టింది. తర్వాత మనవరాల్ని రమ్మని పిలిచింది. పిల్ల రాలేదు. ఆమే లేచి వెళ్ళి, తలుపు వెనకున్న పిల్ల మొహం కొంగుతో తుడిచి, వచ్చి నా ముందు నిలబడింది.

"నొక్కేటప్పుడు నీకు తెల్దా అమ్మా?"

"తెలీదు" అన్నాను. అది పూర్తిగా నిజం కాదు. ఆమె నా మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో నాకు తెలీదు.

ఫోను బియ్యం డబ్బాలోంచి తీయించాను. మా సారు ఇచ్చినప్పటినుంచీ దాంట్లో ఎవరూ ఒక ఫోటో కూడా తియ్యలేదు. పిల్లని కొట్టి దాచిపెట్టడం వల్ల ఆ కార్డు మీదికి కొత్తదేదీ ఎక్కలేదు. ఆ ముక్క నాకు నేర్పింది ఆయనే కాబట్టి ఆశ పుట్టింది. ఇద్దరం కలిసి నెల్లూరు వచ్చి, మర్నాడు మస్తాన్ కొట్టుకి వెళ్ళాం. మస్తాన్ సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. నాలాంటి లాయర్లకంటే కంప్యూటర్ బాగా తెలిసినవాడు. ముందు కార్డుకి అచ్చు కాపీ తీసి, అసలు దాన్ని కవర్లో పెట్టి మా ముందే అంటించి, కాపీ మీద పని మొదలుపెట్టాడు. మధ్యాహ్నం నమాజుకి వెళ్ళొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. పెంచలమ్మ ఆ తెర వైపు రెప్పవెయ్యకుండా చూస్తూ నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు.

నాలుగింట్లో రెండు వీడియోలు దొరికాయి. ఒకటి సగంలో ఆగిపోతోంది. రెండోది బాగుంది. నీలం పైపు, నీళ్ళు, మోటారు పక్కన మనిషి. కొట్టంతా ఆమె తిట్లతో నిండింది.

"ఎవురక్కా దీన్ని తుడిచింది?" అన్నాడు మస్తాన్.

"నేనే" అన్నాను.

ఆ వారమే ఆయన ఆఫీసు మానేశాను. పెంచలమ్మ వకాలత్ వేరే లాయరుకి మార్చుకుంది. దొరికిన వీడియో కోర్టులో నిలబడాలంటే అది ఎట్లా పోయిందో, ఎట్లా వచ్చిందో చెప్పాలి. అఫిడవిట్ రాశాను. ఫలానా రోజు, ఫలానా సీనియర్ ఆఫీసులో, ఆయన చెప్తే, నా చేత్తో. బార్లో ఆ కాగితం సంగతి గంటలో పాకింది. పాస్‌వర్డులు ఆయన పుస్తకంలో ఉన్న పెద్దలందరూ నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. "జూనియర్ పొరపాటు చేసి సీనియర్ మీద తోసింది" అన్నాడొకాయన, నాకు వినపడేటట్టు. ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. శనివారం క్లాసులు ఆగలేదు.

కేసు ఏమైందో ముందే చెప్పేస్తాను. వీడియోని జడ్జి ఒప్పుకున్నారు. కాలవలోకి నీళ్ళు వదలకూడదని ఆర్డరు వచ్చింది, పైపు తీసేశారు. కయ్యలో ఉప్పు విరగడానికి రెండు వానాకాలాలు పట్టింది. ఇప్పుడు పండుతోంది, మునుపటంత కాదు. ఆయనకి ఏమీ కాలేదు. చనిపోయేదాకా గౌరవంగా బతికారు.

నాకు నిద్రలో కూడా అసహ్యం వేసే సంగతి ఇంకొకటుంది. ఆర్డరుకి ముందు, నేను సాక్ష్యం చెప్పిన రోజు జరిగింది.

బోనులో అవతలి లాయరు నన్ను ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడిగాడు. ఫార్మాట్ మీట నొక్కింది ఎవరు? నేను. ఆ సమయంలో కంప్యూటర్ ముందు కూర్చున్నది ఎవరు? నేను. చెప్పి బయటికి వచ్చాను. వరండా బెంచీ మీద కూర్చున్నాను. పెంచలమ్మ తన ఫోను చూస్తుండమని నా సంచి పక్కన పెట్టి, ఎదురు బెంచీ మీద కూర్చుని తన కొత్త లాయరు కోసం చూస్తోంది.

ఆయన వచ్చారు. నేరుగా నా పక్కన కూర్చున్నారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎట్ట తీసినావమ్మే?" అన్నారు మెల్లగా. కళ్ళు మెరుస్తున్నాయి. కోపం లేదు, సిగ్గు లేదు, భయం లేదు. మిషన్ మూత తీసినప్పుడు ఉండే ఉత్సాహమే. "ఏ సాఫ్ట్‌వేర్? క్విక్ ఫార్మాట్ అయింది కదా, ఫైళ్ళ పేర్లు వచ్చినాయా? రాలేదా? మరి ఎట్ట పట్టినావు?"

లేచి వెళ్ళిపోవాల్సింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. పేర్లు రాలేదనీ, వీడియో ఫైలు మొదట్లో ఉండే గుర్తుని బట్టి వెతికామనీ, ఒకటి ముక్కలైపోయి సగమే వచ్చిందనీ. ఆయన మధ్యలో అడ్డొచ్చి మంచి ప్రశ్నలు వేశారు. ఒక ప్రశ్నకి నాకు జవాబు తెలీలేదు, ఇద్దరం కలిసి ఆలోచించాం. నేను నవ్వాను కూడా. ఎప్పుడు నవ్వానో, దేనికి నవ్వానో గుర్తులేదు, నవ్విన సంగతి గుర్తుంది.

"బాగా చేసినావమ్మే. మర్చిపోలా నువ్వు" అని నా తల మీద చెయ్యి పెట్టి లేచారు. ఆ మాటకి నాకు సంతోషం వేసింది. ఆ పాడు సంతోషం ఒళ్ళంతా పాకింది. ఆయన రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "అఫిడవిట్ రెండో పేరాలో తేదీ తప్పు పడింది, దిద్దుకో" అన్నారు. చూశాను. నిజంగానే తప్పు పడింది.

తలెత్తేసరికి పెంచలమ్మ నా వైపే చూస్తోంది. ఎప్పటినుంచి చూస్తోందో. వచ్చి నా ముందు నిలబడింది.

"ఈసారి ఏం నొక్కమన్నాడమ్మా?" అంది.

"ఏమీ లేదు పెంచలమ్మా. ఊరికే మాట్లాడారు."

ఆమె తల ఊపింది. బెంచీ మీద నా సంచి పక్కన పెట్టుకున్న తన ఫోను తీసుకుని, కొంగులో ముడేసుకుని, వరండా ఆ చివరికి వెళ్ళి కూర్చుంది.